‘ఊ’ అంటే మాట్లాడినట్టు లెక్కా? మగవాళ్ళ గ్రూపు నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాద్దామనుకుని చాలా రోజులు ఆగాను. ఒక కారణం, ఆయన ఒప్పుకోవాలి, అది ఈ మధ్యే కుదిరింది. రెండో కారణం, ఇందులో ఆయన తప్పు ఎంతుందో నా తప్పూ అంతే ఉంది, అది కాగితం మీద పెట్టడానికి నాకే మనసు రాలేదు. ఆయన్ని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశాను. మారుపేర్లు కూడా పెట్టలేదు.

నేను కౌన్సెలర్ని. మగవాళ్ళ కోసం వారానికి ఒకసారి ఒక గ్రూపు నడుపుతాను. గంటన్నర సేపు, ఎనిమిది కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటాం. గ్రూప్ థెరపీ చదివినవాళ్ళందరికీ తెలిసిన ఇర్విన్ యాలమ్ ఏడెనిమిది మందైతే సరిపోతుందంటాడు. నా అనుభవమూ అదే, పది దాటితే ఇద్దరు ముగ్గురు గోడలో కలిసిపోతారు, వాళ్ళు వచ్చారో లేదో కూడా తర్వాత గుర్తుండదు. ఇది పూర్తిగా చికిత్సా కాదు, అలాగని కాలక్షేపం కబుర్లూ కాదు. సహవాసం అనే పాత మాటే దీనికి బాగా సరిపోతుందని నాకు అనిపిస్తుంది. తాగి రాకూడదు, అడగనిదే సలహా ఇవ్వకూడదు, ఇక్కడ విన్నది బయట చెప్పకూడదు. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నా, పిల్లలకు హాని జరుగుతున్నా మాత్రం నేను నోరు మూసుకుని కూర్చోనని మొదటి రోజే చెప్పేస్తాను.

ఆయన ఎందుకు వచ్చారు

వచ్చేనాటికి ఆయనకు 46 ఏళ్ళు. అకౌంట్స్‌లో సూపర్‌వైజరు. పెళ్ళయి 19 ఏళ్ళు, 17 ఏళ్ళ కూతురు, 13 ఏళ్ళ కొడుకు. ఆయన ఇంటి సమస్యతో రాలేదు, స్నేహితుడు పోయాడని వచ్చారు. పాతికేళ్ళ స్నేహం. గుండెపోటు, ఉన్నట్టుండి పోయాడు. అతనికి మెడలోతు అప్పులున్నాయని, ఏడాదిగా భార్యకు దూరంగా వేరే గదిలో అద్దెకుంటున్నాడని పోయిన తర్వాత తెలిసింది.

"వారం వారం కలిసేవాళ్ళమండీ. పాతికేళ్ళు. ఏం మాట్లాడుకున్నామా అని కూర్చుని ఆలోచిస్తే ఒక్క మాట గుర్తు రావట్లేదు. మ్యాచ్‌లు, ఆఫీసు, అంతే. నన్ను ఒక్కసారి అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి కదా డబ్బు."

అమెరికాలో దగ్గరి స్నేహితులెవరూ లేరని చెప్పిన మగవాళ్ళు 1990లో 3 శాతం ఉంటే, 2021 సర్వేలో 15 శాతం ఉన్నారు. మగవాళ్ళ ఒంటరితనం మీద ఎవరు మాట్లాడినా ఈ అంకె చెబుతారు, నేనూ చెబుతుంటాను. కానీ ఈయన ఆ 15 శాతంలోకి రారు. మీకు స్నేహితులున్నారా అని అడిగితే పది పేర్లు చెప్పేవారు, అందులో అబద్ధం కూడా లేదు. తలలు లెక్కపెడితే దొరికే లోటు కాదు ఆయనది.

గ్రూపులోకి తీసుకునే ముందు ప్రతి ఒక్కరితో విడిగా కూర్చుంటాను. డిప్రెషన్ ఎంతుందో చూడటానికి వాడే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టికలో ఆయన స్కోరు 8. 5 నుంచి 9 వరకు తేలికపాటి కిందికి వస్తుంది. అందులో తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి అడిగేది, దాన్ని నేను కాగితం మీద టిక్కుతో వదలను, నోటితో అడుగుతాను. ఆత్మహత్యతో చనిపోయే మగవాళ్ళ రేటు ఆడవాళ్ళకంటే రెట్టింపు కంటే ఎక్కువని డబ్ల్యూహెచ్‌ఓ ప్రపంచ లెక్కలు చెబుతున్నాయి, పైగా మనవాళ్ళు టిక్కు పెట్టేటప్పుడు చెయ్యి కాస్త ఎడమకే జరుపుతారు, అంటే ‘అస్సలు లేదు’ వైపుకి. ఈయనకు నిజంగానే లేదు. మద్యానికి ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్ష, దాంట్లో 8 వస్తే జాగ్రత్తపడాలి, ఈయనకు 3. ఇంట్లో కొట్టడం, వస్తువులు విసరడం, బెదిరించడం ఉన్నాయా అని అడిగాను. లేవు.

"మరి కోపం వస్తే ఏం చేస్తారు?"

"ఏం చెయ్యనండీ. మాట్లాడను."

"ఎంతసేపు?"

"నాలుగైదు రోజులు. ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ."

నేను నవ్వాను. ఆయనా నవ్వారు. ‘కోపాన్ని అణచుకునే స్వభావం. హింస లేదు’ అని నోట్సులో రాసుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ నవ్వు మాత్రం అందులో రాయలేదు.

మొదటి ఏడు నెలలు

అప్పట్లో కొత్తగా వచ్చినవాళ్ళని ‘మంచి మగాడంటే ఎవరు?’ అని అడిగే అలవాటు ఉండేది నాకు. ఇప్పుడు మానేశాను, ఎందుకో కింద తెలుస్తుంది. ఆయన చెప్పింది ఇది: తాగడు, పరాయి ఆడవాళ్ళ వైపు చూడడు, చెయ్యెత్తడు, ఒకరి దగ్గర చెయ్యి చాచడు, ఇంటికి లోటు రానివ్వడు. అందరూ తలూపారు. నేనూ ఊపాను. ఇంటికొచ్చి నోట్సు రాస్తుంటే గమనించాను, ఐదూ వ్యతిరేకార్థాలే. ఇంటికి లోటు రానివ్వకపోవడం కూడా! మన భాషలోనే అలా ఉంది మరి. ఎవరినైనా మెచ్చుకుంటూ "చాలా మంచివాడండీ, ఎవరి జోలికీ పోడు, తన పనేదో తనది" అంటాం. ఎవరి జోలికీ పోకపోవడం మంచితనమైతే ఇంట్లోవాళ్ళ జోలికి కూడా పోకపోవడం మహా మంచితనం అయిపోతుంది కదా. ఈ తర్కం నాకు అప్పుడు తట్టలేదు, ఏదో భాషా విశేషంలా అనిపించి ఊరుకున్నాను.

ఆ జవాబు తప్ప మొదటి నాలుగు వారాలు ఆయన నోరు విప్పలేదు. ఐదో వారం మధ్యలో ఒక సభ్యుడు ఇల్లు మారుతుంటే సాయానికి వెళ్ళారు. ఇద్దరూ కలిసి ఒక బరువైన బీరువాని మెట్ల మీదుగా దించుతున్నారు, మలుపు దగ్గర అది ఇరుక్కుపోయింది, పైనున్నవాళ్ళు ఎవరో వచ్చి పట్టేదాకా దాన్ని అలాగే భుజాల మీద ఆనించుకుని నిలబడాల్సి వచ్చింది. అప్పుడు మొదలుపెట్టారట స్నేహితుడి గురించి చెప్పడం. ఆడవాళ్ళ స్నేహం ఎదురెదురుగా, మగవాళ్ళ స్నేహం పక్కపక్కన నడుస్తుందని పాల్ రైట్ అనే సైకాలజిస్టు 1982లో రాశాడు. ఆస్ట్రేలియాలో 1990ల నుంచి నడుస్తున్న మెన్స్ షెడ్స్ కూడా ఈ నాడి పట్టుకున్నవే, అక్కడ చెక్కపని చేసుకుంటూ, ఏవో రిపేర్లు చేసుకుంటూ మగవాళ్ళు మాట్లాడుకుంటారు. మగవాళ్ళ మీద ఇదొక సూత్రంలా వాడకూడదు గానీ, కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళలోకి చూస్తూ "మీకేమనిపిస్తోంది?" అంటే బిగుసుకుపోయేవాళ్ళు చేతుల్లో ఏదైనా పని ఉంటే వదులవుతారన్నది నేను చాలాసార్లు చూశాను.

అక్కణ్ణుంచి ఆయన మారిపోయారు. ఒక సభ్యుడి తండ్రి ఆసుపత్రిలో ఉంటే మూడు రాత్రులు అక్కడే బెంచీ మీద పడుకున్నారు. ఇంకొకరి అప్పుల లెక్కలన్నీ ముందేసుకుని, ఏది ముందు తీర్చాలో ఏది ఆగుతుందో వరసగా రాసిచ్చారు. మరొకరి అబ్బాయికి లెక్కలు చెప్పారు. పోయిన స్నేహితుడి గురించి చెబుతూ గ్రూపులో ఒకసారి ఏడ్చారు, కళ్ళు తుడుచుకుని "సారీ" అంటే పక్కనాయన "ఎందుకన్నా సారీ" అని భుజం మీద చెయ్యి వేశాడు. నాలుగో నెలకు స్కోరు 4కి దిగింది. ఐదో నెలలో ఆయన్ని నాకు సాయంగా పెట్టుకున్నాను. కొత్తవాళ్ళకి మొదటి ఫోను ఆయనే చేసేవారు. ఒక వృత్తి సమావేశంలో పేరు చెప్పకుండా ఆయన గురించి గొప్పగా మాట్లాడాను కూడా, అది తలుచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది.

కనబడాల్సినవి కనబడుతూనే ఉన్నాయి. ఆ ఏడు నెలల్లో ఆయన ఎవరినీ ఏ సాయమూ అడగలేదు. ఒక్కసారి కూడా! ఇచ్చే చెయ్యి ఎప్పుడూ ఆయనదే. ఒకసారి అప్పుల లెక్కలు రాయించుకున్నాయనే "అన్నా, నువ్వు చెప్పినట్టు చేస్తే మా ఇంట్లో కుదరదు, నువ్వు నా మాట వినకుండానే రాసిచ్చావు" అన్నాడు. ఈయన చిన్నగా నవ్వి, ఆ సెషన్‌లో మిగిలిన నలభై నిమిషాలు ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాతి వారం రాలేదు. ఆఫీసులో పని అన్నారు. నేను నమ్మాను. మనిషి బయట ఎలా ఉంటాడో గ్రూపులోనూ అలాగే బయటపడతాడని, గ్రూపు ఒక చిన్న లోకమని యాలమ్ చెప్పిన మాటని నేను ఎంతమందికి పాఠంగా చెప్పానో. కళ్ళ ముందు జరిగితే మాత్రం ఆఫీసు పని అనుకున్నాను.

ఇంకోటి. గ్రూపులు మొదట మర్యాదగా కూర్చుంటాయి, తర్వాత తగవులాడుకుంటాయి, ఆ తగవు దాటితేనే నిలబడి పనిచేస్తాయి అని 1965లో బ్రూస్ టక్‌మన్ అనే సైకాలజిస్టు చెప్పిన వరస ఉంది. మా గ్రూపులో ఏడు నెలలు తగవే లేదు. నేను దాన్ని నా నైపుణ్యం అనుకున్నాను.

ఆవిడ ఫోను

ఏడో నెల చివర్లో ఆయన భార్య ఫోన్ చేశారు. ఇలాంటప్పుడు మొదట చెప్పాల్సినవి చెప్పాను: ఆయన ఇక్కడికి వస్తున్నదీ లేనిదీ కూడా నేను చెప్పను, మీరు చెప్పేది వింటాను, అయితే విన్నది ఆయన దగ్గర దాచను. సరేనన్నారు. గ్రూపులో ఒకాయన భార్య ఆవిడకి ఎక్కడో కలిసి "మీ ఆయన బంగారమమ్మా" అందట. ఆ మాటకే ఫోన్ చేశారు.

"సార్, నేను కంప్లైంట్ చెయ్యడానికి చెయ్యలేదు. అక్కడ ఆయన బాగా మాట్లాడతారట కదా. ఇక్కడికొచ్చేసరికి మాటలు అయిపోతున్నాయి. ఈ రోజుకి నాతో మాట్లాడి పంతొమ్మిది రోజులు."

కారణం చాలా చిన్నది. కూతురి కాలేజీ ఫారం మీద ఆయన్ని అడక్కుండా ఆవిడ సంతకం పెట్టారు, ఆ రోజు ఆఖరు తేదీ. ఆయన అరవలేదు, ఎందుకు పెట్టావనీ అడగలేదు. ఆ పూట నుంచి "అమ్మకు చెప్పు" మొదలైంది. అమ్మకు చెప్పు తాళాలు టేబుల్ మీద ఉన్నాయని, అమ్మకు చెప్పు నేను రాత్రికి లేటని. మాట మోసేది పదమూడేళ్ళ పిల్లాడు. ఆవిడ ఎదురుగానే నిలబడి ఉన్నా సరే. ఏడాదికి ఇలాంటివి ఆరేడు విడతలు, 19 ఏళ్ళుగా.

ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి, అడిగాను: మీకు ఆయనంటే భయముందా? డబ్బు ఆపడం, ఫోను చూడటం, ఎక్కడికైనా వెళ్ళనివ్వకపోవడం ఉన్నాయా? ఇవి ఉంటే ఈ మౌనం వేరే జాతి కిందికి వస్తుంది, మనిషిని గుప్పిట్లో పెట్టుకునే పద్ధతుల్లో అదీ ఒకటవుతుంది, అప్పుడు దారి మా గ్రూపూ కాదు, భార్యాభర్తలిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టే కౌన్సెలింగ్ అంతకన్నా కాదు, ముందు ఆవిడ భద్రత చూడాలి.

ఆవిడ కొంచెంసేపు ఆగి, "భయం కాదు సార్. అలసట," అన్నారు.

"ఒక్క మాట అనలేదు"

రెండు రోజుల తర్వాత ఆయన్ని విడిగా కూర్చోబెట్టి, ఆవిడ ఫోన్ చేసిన సంగతి చెప్పాను. మొహం మూసుకుపోయింది. పదకొండు నిమిషాలు, గోడ గడియారం నా ఎదురుగా ఉంది కాబట్టి తెలుసు, ఏమీ మాట్లాడలేదు. నేనూ నింపలేదు. ఆ పదకొండు నిమిషాల్లోనే నా కడుపులో ఏదో తిప్పినట్టయింది, తప్పు నాదేమో, క్షమాపణ అడగాలేమో అన్నంత ఇది వచ్చింది. నా వృత్తే ఇది, నాకే ఇలా ఉంటే పంతొమ్మిది రోజులు ఆ ఇంట్లో ఎలా ఉంటుందో అని అప్పుడు అనుకున్నాను.

"నేనెప్పుడూ చెయ్యి ఎత్తలేదండీ," అన్నారు చివరికి.

"ఎత్తలేదు."

"ఒక్క మాట అనలేదు ఆవిణ్ణి."

"ఆవిడ చెప్పేదీ అదే."

దానికి ఆయనకు కోపం వచ్చింది, అది బాగానే వచ్చింది, మొట్టమొదటిసారి గొంతు పెరిగింది. ఆ కోపంలోనే అసలు సంగతి బయటపడింది. ఆయన తండ్రి అరిచేవాడు. ఇల్లు దద్దరిల్లేలా. పన్నెండో ఏట ఒక రాత్రి, తను పెద్దయ్యాక ఇలా ఒక్కసారి కూడా అరవనని ఒట్టు పెట్టుకున్నారు. 34 ఏళ్ళు ఆ ఒట్టు తప్పలేదు. అంటే నేను ‘అణచుకునే స్వభావం’ అని రాసుకున్నదీ, ఆవిడ అలసిపోయిందీ, ఆయన దృష్టిలో తన జీవితంలో చేసిన అతి మంచి పని. ఆయన మంచితనం మీద ఆయనకున్న ఋజువే అది. నేను ఇంకో అరగంట ముందు నోరు జారి "మీరు చేస్తున్నది కూడా హింసే" అని ఉంటే, ఆ తలుపు నుంచి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చేవారు కాదని నా నమ్మకం. ఆ మాట కొన్ని ఇళ్ళ విషయంలో నిజమే కావచ్చు. ఆ పూట ఆయనకి పనికొచ్చే మాట మాత్రం కాదు.

గొడవ మధ్యలో మనిషి రాయిలా మారిపోవడాన్ని జాన్ గాట్‌మన్ దంపతుల మీద చేసిన పరిశోధనల్లో చాలా వివరంగా చూశాడు. అలా మారేవాళ్ళలో దాదాపు 85 శాతం మగవాళ్ళేనని ఆయన లెక్క. బయటికి నిమ్మకు నీరెత్తినట్టు కనబడతారు గానీ లోపల గుండె వేగం పెరిగిపోయి ఉంటుంది, ఆ స్థితిలో చెవికి మాటలు ఎక్కవు, మళ్ళీ మామూలు అవడానికి కనీసం ఇరవై నిమిషాలు కావాలి. ఇది చెబితే ఈయన ముఖం తేటపడింది, "చూశారా, నాకు అదేనండీ" అన్నారు. అవును, మొదటి ఇరవై నిమిషాలు అదే. ఇరవై నిమిషాలు సరే, మిగతా పద్దెనిమిది రోజుల ఇరవై మూడు గంటల నలభై నిమిషాలు ఏమిటి అని అడిగాను. అకౌంట్స్ మనిషి కదా, లెక్క వెంటనే పట్టుకున్నారు. చాలాసేపు కిందికి చూసి, "ఆవిడే ముందు రావాలనండీ," అన్నారు.

అక్కడ ఆయన అబద్ధం ఆడలేదు. ఆ ఒక్క మాట కోసం ఏడు నెలలు పట్టింది. నేను మొదటి రోజు నవ్వకపోయి ఉంటే అంత పట్టేది కాదేమో.

గ్రూపుకి చెప్పినప్పుడు

ఆయనే చెబుతానన్నారు. చెప్పారు, కానీ బాగా పలచగా. "ఈ మధ్య ఇంట్లో కొంచెం మాటల్లేవు" అన్నట్టుగా. వెంటనే గ్రూపు ఆయన్ని కాపాడటానికి లేచింది. "అందరి ఇళ్ళల్లో ఉండేదే అన్నా." "కొన్నాళ్ళు వదిలేస్తే అదే సర్దుకుంటుంది." "మాట్లాడితే ఒక తంటా, మాట్లాడకపోతే ఒక తంటా." నవ్వులు. నాకొక్కడికే కాదు ఇలా, అందరికీ ఉంది అన్న ఊరట, గ్రూపు ఇచ్చే మేళ్ళంటూ యాలమ్ రాసిన జాబితాలోనే ఉంటుంది. నిజం, ఆత్మహత్య ఆలోచనలతో వచ్చినవాడిని ఆ ఊరట నిలబెట్టడం నేను చూశాను. ఆ రోజు అదే ఊరట మిగతా అందరూ కలిసి ఒకడి మీద కప్పిన దుప్పటిలా పనిచేస్తోంది. ఇంట గెలవమనే సామెత ఆ గదిలో అందరికీ గుర్తొచ్చే ఉంటుంది, ఒక్కరూ అనలేదు.

నేను ఏం చెయ్యాలా అని చూస్తుండగా అందరికంటే చిన్నవాడు, 26 ఏళ్ళ కుర్రాడు, నేల వైపు చూస్తూ మాట్లాడాడు. "మా నాన్న కూడా ఇంతే అన్నా. చెప్పుల చప్పుడు బట్టి తెలిసిపోయేది, ఈ రోజు మాట్లాడతారా లేదా అని. మెల్లిగా విడిస్తే మాట్లాడతారు. నేను స్కూల్ నుంచి వచ్చి హోంవర్క్ చెయ్యడం మానేసి ఆ చప్పుడు కోసం కూర్చునేవాణ్ణి. అమ్మకు చెప్పు అనేవారు. ఏదైనా తప్పుగా చెప్పానేమో అని నిద్రలో కూడా..." అని ఆపేశాడు.

‘అమ్మకు చెప్పు’ సంగతి ఈయన గ్రూపులో చెప్పలేదు. కుర్రాడికి తెలిసే అవకాశమే లేదు.

ఎవరూ నవ్వలేదు. అప్పుడు గుండ్రంలో తొమ్మిదో కుర్చీ ఒకటి వేసి, ఆయన్ని అందులో కూర్చుని, ఆ ఫారం సంతకం సంగతి తన భార్య చెబితే ఎలా చెబుతారో అలా చెప్పమన్నాను. ఖాళీ కుర్చీ పాత పద్ధతే, ఫ్రిట్జ్ పెర్ల్స్ అనే థెరపిస్టు బాగా ప్రచారంలోకి తెచ్చాడు, కానీ నేను అంతకుముందు మగవాళ్ళ గ్రూపులో వాడటానికి జంకేవాణ్ణి, నాటకంలా ఉందని నవ్వుతారేమోనని. ఆయన మొదట "ఆవిడ అంటుంది..." అని మొదలుపెట్టారు. "నేను అని చెప్పండి" అన్నాను. రెండు నిమిషాలు చెప్పారు. "నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను, ఆయన బాబు వైపు తిరిగి..." దగ్గర గొంతు ఆగిపోయింది.

తర్వాతి వారం రాలేదు. నేను ఆ రాత్రే ఫోన్ చేశాను. ఆఫీసులో పని అన్నారు. "ఇంతకు ముందు కూడా ఇలాగే అన్నారు, ఆ రోజు నమ్మాను, ఈ రోజు నమ్మట్లేదండీ" అన్నాను. ఆ పై వారం వచ్చారు.

పుస్తకం

గొడవ మధ్యలో ఆగడం తప్పు కాదు, తిరిగి రాకపోవడమే సమస్య అని పని మొదలుపెట్టాం. పద్ధతి చాలా మామూలుది: ఒళ్ళు బిగుసుకుంటున్నట్టు అనిపించగానే "ఇప్పుడు మాట్లాడలేను, తొమ్మిదింటికి వస్తాను" అని చెప్పాలి, అది కూడా ఆవిడకే చెప్పాలి, పిల్లాడి చేత కాదు. తొమ్మిదింటికి రావాలి.

మొదటిసారి టైమ్ చెప్పారు, రాలేదు. రెండోసారి సరిగ్గా తొమ్మిదింటికి వచ్చి ఎదురుగా కూర్చుని ఏమీ మాట్లాడకుండా లేచిపోయారు. మూడోసారి వచ్చి "సరే, తప్పు నాదే" అన్నారు, ఆవిడ "దేనికి?" అంటే చెప్పలేకపోయారు, దాని మీద మళ్ళీ రెండు రోజులు. ఇవన్నీ గ్రూపులో చెప్పారు, ఈసారి పలచన చెయ్యకుండా. అప్పుల లెక్కలాయన, ఒకప్పుడు ఈయన్ని కాదన్నాడే, అతను రాత్రి తొమ్మిదికి పది నిమిషాల ముందు రోజూ ఫోన్ చేసేవాడు, "అన్నా, ఉన్నావా" అని అంతే. ఈయన ఆ సాయం అడిగారు. నా నోట్సులో ఆ తేదీ కింద రెండు గీతలున్నాయి.

ఈ దశలో స్కోరు 4 నుంచి 9కి పెరిగింది. పెరుగుతుందని ముందే అనుకున్నాను, ఆయనకీ చెప్పాను, అయినా టెన్షన్ పడ్డాను. తొమ్మిదో ప్రశ్న ప్రతి వారం నోటితో అడిగాను. ఒట్టు మీద తనని తాను నిలబెట్టుకున్న మనిషి ఆ ఒట్టునే అనుమానించాల్సి వస్తే కాళ్ళ కింద ఏమీ మిగలదు కొన్నాళ్ళు. నాకు సాయంగా ఉండే బాధ్యత నుంచి కూడా అప్పుడే తప్పించాను, ఆ నిర్ణయం నాది, శిక్షలా అనిపించిందని తర్వాత చెప్పారు. అది ఇంకాస్త మెత్తగా చేసి ఉండాల్సింది.

మాటల్లేని రోజులు ఒక పుస్తకంలో రాసుకుంటానని ఆయనే అన్నారు, వృత్తి అలవాటు. రెండు నెలలు పోయాక ఆ పుస్తకం తెచ్చి చూపించారు, నెలకి ఒక రోజు. నాకు సంతోషమేసింది, కానీ మొదటి రోజు నవ్వు గుర్తొచ్చి, ఆవిడ కూడా విడిగా రాస్తే ఎలా ఉంటుందో అడిగి చూడండి అన్నాను. ఆవిడ సరేనన్నారట. నెలాఖరుకి రెండూ పక్కపక్కన పెట్టారు. ఆయన లెక్క ఒకటి, ఆవిడ లెక్క ఆరు.

గ్రూపులో ఆ రెండు కాగితాలూ చేతులు మారాయి. తేడా ఎక్కడొచ్చిందో పట్టుకుంది ఆయనే. ఆవిడ ఏదైనా అడిగితే తను ‘ఊ’ అన్న రోజుల్ని ఆయన మాట్లాడిన రోజుల కింద వేసుకున్నారు. ఆవిడ మౌనం కింద వేసుకున్నారు. దీని మీద మా గ్రూపులో గంటసేపు తగవు జరిగింది, నిజమైన తగవు, టక్‌మన్ చెప్పినది. ‘ఊ’ అంటే సమాధానమే కదా అని సగం మంది. "మీ మేనేజర్‌కి ఊ అంటావా అన్నా?" అని కుర్రాడు. ఆఫీసు నుంచి అలసిపోయి వస్తే ‘ఊ’ కంటే ఎక్కువ రాదు, అది కోపం కాదు అని ఒకాయన చాలా న్యాయంగా వాదించాడు, నాకూ అందులో నిజముందనిపించింది. ఆ రాత్రి కనీసం నలుగురు ఇళ్ళకెళ్ళి భార్యల్ని అడిగారు, వచ్చే వారం తెచ్చిన జవాబుల్లో ఒక్కటీ మగవాళ్ళ పక్షాన లేదు.

‘మంచి మగాడంటే ఎవరు?’ అన్న ప్రశ్న నేను మానేసింది అప్పుడే. అడిగితే అందరూ బాగా చెబుతారు, అదే దాంతో చిక్కు. దాని బదులు, ఈ వారం జరిగిన ఒక్క సంగతి మీ ఇంట్లోవాళ్ళు చెబితే ఎలా ఉంటుందో అలా చెప్పండి అంటున్నాను. చేరేముందు విడిగా కూర్చున్నప్పుడు చెయ్యెత్తడం గురించి ఎంత నిదానంగా అడుగుతానో మాట్లాడకపోవడం గురించీ అంతే నిదానంగా అడుగుతున్నాను: ఎన్ని రోజులు, ముందు ఎవరు వస్తారు, మాట ఎవరు మోస్తారు. మూడో ప్రశ్నకి జవాబు పిల్లలైతే అక్కడ ఆగిపోతాను.

పదిహేనో నెలలో

స్కోరు 5. పదకొండో నెలలో ఒకసారి జారారు, మూడు రోజులు, అది ఇద్దరి పుస్తకాల్లోనూ మూడే. కూతురు ఇంకా ఆయనతో ముభావంగానే ఉంటోంది, ఆ పిల్ల 17 ఏళ్ళు చూసింది మరి, దాని గురించి ఆయన తొందరపడకుండా ఉండటమే నాకు ఆశ్చర్యంగా ఉంది. కొడుకుతో "నీ చేత అలా చెప్పించకూడదురా, తప్పు" అన్నారట. వాడు "ఏంటి?" అని ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయాడట. గ్రూపులో మామూలు కుర్చీలోనే కూర్చుంటారు, అప్పుడప్పుడు కొత్తవాళ్ళ మీద చిరాకు పడతారు, పడి అక్కడే చెప్పేస్తారు.

నెలాఖరున పుస్తకాలు పక్కపక్కన పెట్టే అలవాటు నేను అడక్కపోయినా సాగుతోంది. పోయిన నెల ఆయన లెక్క సున్నా, ఆవిడ లెక్క ఒకటి. ఆ ఒక్క రోజు ఏ రోజో, దాన్ని వెయ్యాలా వద్దా అని ఇద్దరూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారట.